రిఫండ్ ఫెయిల్ అయిందంటే డబ్బు పోయినట్టు కాదు

తమ్ముడూ, రాజాంలో ఉన్న మీ నాన్నగారి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ప్రాసెస్ అయింది గానీ రూ. 8,400 రిఫండ్ ‘ఫెయిల్డ్’ అని చూపిస్తోందన్నావు. టెన్షన్ పడకు, డబ్బు ఎక్కడికీ పోలేదు. ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ప్రొఫైల్‌కి వెళ్లి బ్యాంకు ఖాతా చూడు. పెన్షన్ ఖాతా పాత ఆంధ్రా బ్యాంకుదన్నావు కదా, నా అనుమానం అక్కడే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు బ్రాంచి కోడ్) ఇప్పుడు చెల్లదు, ‘యూబీఐఎన్’తో మొదలవ్వాలి. కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ చూసి మార్చి, వాలిడేట్ చెయ్యి.

అప్పటికీ కాకపోతే పేరు చూడు. మనవాళ్లకి ఎప్పుడూ ఇదే తంటా: పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరం. నాకూ అంతే, పాన్ కాపీ పట్టుకుని బ్రాంచికి వెళ్లి సరిచేయించుకున్నాక గానీ పని కాలేదు.

తర్వాత సర్వీసెస్‌లో రిఫండ్ రీఇష్యూ ఎంచుకుని, ఆ ఖాతాకి టిక్ పెట్టి, ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చెయ్యి. నాన్నగారి ఫోన్ పక్కనే పెట్టుకో, ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబరుకే వస్తుంది. దీనికి రిటర్న్ మళ్లీ వెయ్యక్కర్లేదు. నెట్ సెంటర్‌లో ఎవరైనా ‘రివైజ్డ్ రిటర్న్ వేద్దాం, ఐదొందలు’ అంటే ఒప్పుకోకు.