ఇంటర్‌సిటీ 125 లెక్కలో లాగుడు బలం ఎందుకు ఎక్కువొస్తోందంటే

బ్రిటన్ డీజిల్ రైలు ఇంటర్‌సిటీ 125 లాగుడు బలాన్ని స్ప్రెడ్‌షీట్‌లో లెక్కేస్తే ఉండాల్సినదాని కన్నా ఎక్కువొస్తోందని అడిగారు. తేడా ఎక్కడొచ్చిందంటే, ఇంజిన్ పవర్ మొత్తాన్నీ మీరు చక్రాలకే ఇచ్చేశారు. గంటకు 125 మైళ్ల దగ్గర 60 కిలోన్యూటన్లు (బలానికి కొలత) వస్తోందన్నారు కదా, రెండు పవర్ కార్లకూ (రైలుకు రెండు చివర్లా ఉండే ఇంజిన్ బండ్లు) 2,250 హార్స్‌పవర్ చొప్పున వేస్తే వచ్చేది సరిగ్గా అంతే.

ఆ 2,250 డీజిల్ ఇంజిన్ దగ్గరి అంకె. అక్కణ్ణించి ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించేది), రెక్టిఫయర్ (దాన్ని ఏకదిశ కరెంటుగా మార్చేది), ట్రాక్షన్ మోటార్లు (చక్రాల్ని తిప్పేవి) దాటేసరికి కొంత వేడిగా పోతుంది. కూలింగ్ ఫ్యాన్లకూ, పెట్టెల్లో ఏసీకీ, లైట్లకూ కరెంటిచ్చేది కూడా ఆ ఇంజినే. పట్టాల దగ్గరికి చేరేది ఒక్కో కారుకు 1,770 హార్స్‌పవర్, అంటే 1,320 కిలోవాట్లు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఇంత పవర్‌తోనే 1976 నుంచి ఆ వేగంతో నడిచిందంటే, ఆ కోసుగా ఉన్న ముక్కూ తేలికైన మార్క్ 3 రకం పెట్టెలూ చేసిన మేలు చిన్నది కాదు.

షీట్‌లో ఇలా మార్చండి:

1. వేగం సెకనుకు మీటర్లలో: 125 మైళ్లు అంటే 55.9.
2. రెండు కార్లకూ కలిపి 2,640 కిలోవాట్లు ÷ 55.9 = సుమారు 47 కిలోన్యూటన్లు.
3. వేగం తగ్గేకొద్దీ ఈ భాగహారం బలాన్ని అంతులేకుండా పెంచేస్తుంది. ఒక్కో కారు గరిష్ఠ బలం 80 కిలోన్యూటన్లే, అది దాటనివ్వకండి.

సరిచూసుకోవడానికి: గంటకు 104 కిలోమీటర్ల దగ్గర ఒక్కో కారుకు 46 కిలోన్యూటన్లు రావాలి.