హైవే పక్కన షాపులు, ఇళ్లు కలిపి కడుతుంటే శబ్దం, పొగ తగ్గించడం ఎలా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లాంటి రోడ్డు పక్కన అయితే ముందు లేఅవుట్ సరిచేయండి. షాపులు, ఆఫీసులు, పార్కింగ్ ఉన్న బ్లాకును హైవే వైపు ఎడతెగని గోడలా నిలిపి, ఇళ్లను దాని వెనక పెట్టాలి. పడగ్గదులు, పిల్లల ఆటస్థలం లోపలి వైపే ఉండాలి. మన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు.

నాయిస్ బారియర్ (శబ్దాన్ని అడ్డుకునే గోడ) వాహనాలు కంటికి కనపడనంత ఎత్తుంటే సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతాయి. అడుగున సందు వదిలితే పెట్టిన ఖర్చు చాలావరకు వృథా. పై అంతస్తులకు గోడ అందదు; అక్కడ అంచులు బిగుతుగా సీల్ చేసిన లామినేటెడ్ డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీ ఉన్న రెండు పొరల అద్దాల కిటికీలు) కావాలి. కిటికీలు మూసేస్తే మరి గాలి? హైవేకు దూరంగా ఉన్న వైపు నుంచి, ఫిల్టర్ ద్వారా తీసుకోవాలి. ఒక్క వరస చెట్లు శబ్దాన్ని ఆపవు, దట్టంగా 30 మీటర్ల లోతు ఉంటేనే తేడా తెలుస్తుంది.