దొరకని కణాల వెతుకులాటలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. ప్రోటాన్లు ఢీకొన్న డేటాలో సూపర్‌సిమెట్రీ కణాలు (తెలిసిన ప్రతి కణానికీ ఉండొచ్చని ఊహించిన జోడీ కణాలు) వెతికే పని చేస్తానంటోంది. ఇన్నేళ్లుగా ఒక్కటీ దొరకలేదని తనే చెబుతోంది. ఇంట్లో అందరూ బీటెక్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. కానీ కణం దొరికితేనే చదువు గట్టెక్కుతుందన్న లెక్క ఈ రంగంలో లేదు. జెనీవా దగ్గర ప్రోటాన్లను ఢీకొట్టించే సెర్న్ పరిశోధనా కేంద్రంలో 2012లో హిగ్స్ బోసాన్ అనే కణం దొరికింది. సూపర్‌సిమెట్రీ కణాలు మాత్రం కనబడలేదు, నిజమే. అయితే ఫలానా బరువు వరకు అవి లేవని గట్టిగా తేల్చినా పీహెచ్‌డీ వస్తుంది.

అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. ఈ కణాల్లో ఒకటి డిటెక్టర్‌కు చిక్కకుండా వెళ్లిపోతుందని అంచనా. అప్పుడు ఒక పక్క మొమెంటం (బరువు, వేగం కలిసిన కొలత) లెక్క తగ్గుతుంది. చిక్కేమిటంటే, జెడ్ బోసాన్ అనే ఎప్పుడో తెలిసిన కణం, డిటెక్టర్‌కు చిక్కని న్యూట్రినోలుగా విడిపోయినా అచ్చం అలాగే తగ్గుతుంది. అందుకని జెడ్ రెండు మ్యూయాన్లుగా (ఇవి డిటెక్టర్‌కు చిక్కే కణాలు) విడిపోయిన ఘటనలు తీసుకుని, ఆ మ్యూయాన్లు లేవనుకుని లెక్క వేసి, అలాంటి దొంగ సంకేతాలు ఎన్ని రావచ్చో ముందే తేలుస్తారు. అది ఖాయమయ్యేదాకా కణం కనబడాల్సిన చోట డేటాను తెరవరు. ముందే చూస్తే లెక్కను అటువైపు లాగాలనిపిస్తుంది కదా! ఆ నిగ్రహం పదిహేడేళ్లకే మీ అమ్మాయిని ఆకర్షిస్తోందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

మీకు దగ్గర్లోనే బరంపురంలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. భువనేశ్వర్ పక్కన జట్నీలోని అలాంటి సంస్థే అయిన నైసర్‌కు నెస్ట్ పరీక్ష. నైసర్ వాళ్లు సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో భాగస్వాములు కూడా. జేఈఈ ఎలాగూ రాయించండి, ఆ చదువు వృథా పోదు.

ఒక్క మాట మాత్రం దాచను. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై దగ్గర పడుతుంది, పర్మనెంట్ ప్రొఫెసర్ పోస్టులు తక్కువ. మధ్యలో మనసు మారితే స్టాటిస్టిక్స్, పైథాన్, సీ ప్లస్ ప్లస్ చేతిలో ఉంటాయి. డేటా ఉద్యోగాలకు అడిగేవి అవే.

సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ డేటా ఉచితంగా దొరుకుతుంది. సెలవుల్లో రెండు మ్యూయాన్ల డేటాతో గ్రాఫ్ గీయమనండి. 91 జీఈవీ (కణాల బరువు చెప్పే యూనిట్) దగ్గర జెడ్ బోసాన్ శిఖరం తన చేత్తో తెచ్చుకోవాలి. కోడ్ పదేపదే ఆగిపోయినా విసుక్కోకుండా కూర్చుందా, ఐఏటీ ఫారం నింపించండి.