గోపాల్‌పూర్ వైభవమంతా రంగం స్టీమర్ల చలవే

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒకప్పుడు దొరల విడిది అని విన్నారు, వెళ్ళి చూస్తే చిన్న ఊరే కనిపించింది, ఆ వైభవం నిజమేనా అని అడిగారు. నిజమేనండీ. మాది పక్కనే ఉన్న బరంపురం. మా ఇంట్లో పెద్దవాళ్ళు గోపాల్‌పూర్ పేరెత్తితే ముందు రంగం స్టీమర్ గురించే చెప్పేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్.

1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గోపాల్‌పూర్ దాని రేవు. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి కూలీలు ఇక్కడ స్టీమరెక్కి బర్మా వెళ్ళేవారు. ఆ రాకపోకల మీదే గిడ్డంగులు, కంపెనీల ఏజెంట్లు, సముద్రం ఒడ్డున బంగళాలు వచ్చాయి. ఆ సందడి చూసే మాగ్లియోనీ అనే ఇటలీ ఆయన 1914లో పామ్ బీచ్ హోటల్ కట్టాడు. తర్వాత అది ఒబెరాయ్ వాళ్ళ చేతికి వచ్చింది.

చాలామంది ఆ హోటల్ గురించే రాస్తారు. నాకు మాత్రం నోలియాల పనితనమే గొప్పగా అనిపిస్తుంది. వాళ్ళు తెలుగు మాట్లాడే మత్స్యకారులు. ఇక్కడ అలలు ఒడ్డునే విరుచుకుపడతాయి కాబట్టి స్టీమర్ దూరంగా లంగరేసేది. మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో చేరవేసేవారు. వాటికి మేకు ఉండదు. పలకల్ని కొబ్బరినారతో కుట్టేస్తారు, అందుకే అల కొట్టినప్పుడు పడవ కాస్త వంగి తట్టుకుంటుంది. బిగించి కట్టిన పడవైతే పగిలిపోయేది. మా నాయనమ్మ వాళ్ళ అన్నగారు అలాగే రంగం వెళ్ళారట. పడవ అడుగున నీళ్ళు చేరతాయని ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట.

1942లో రంగూన్ జపాన్ వశమయ్యాక ఆ స్టీమర్లు ఆగిపోయాయి. ఊరికి ఆదాయం పోయింది. సెలవులకొచ్చేవాళ్ళు, హోటలు మిగిలారు గానీ, వాళ్ళతో రేవు నడవదు కదా.

మళ్ళీ వెళ్తే దీపస్తంభం చూసి వచ్చేయకండి. బీచ్ పక్కన పాత రేవు శిథిలాలు చూడండి. పొద్దున్నే వలలు లాగే చోటికి వెళ్ళి తెలుగులో పలకరించండి. రంగం వెళ్ళొచ్చిన తాతల సంగతులు ఇప్పటికీ చెప్పేవాళ్ళు అక్కడ ఉన్నారు.