‘చాలా’కు ఒక్క మాట చాలదు

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణం ముందు, మే నెల ఎండలో ఇద్దరు స్నేహితురాళ్లు బేరమాడే ఘట్టం కళ్లకు కట్టింది. కానీ వాళ్లు నోరు విప్పగానే పరీక్ష జవాబుపత్రం చదువుతున్నట్టు అనిపించింది. ఎండ ‘వెరీ హాట్’, పుస్తకం ‘వెరీ ఓల్డ్’, ధర ‘వెరీ హై’. చనువున్నవాళ్లు ఇన్నిసార్లు ‘వెరీ’ అనరమ్మా.

తెలుగులో నువ్వు ఇలా రాయవు. ‘తెగ తిన్నాడు’ అంటావు, ‘తెగ ఎర్రగా ఉంది’ అనవు. ‘బొత్తిగా బాగాలేదు’ అంటావు, ‘బొత్తిగా బాగుంది’ అనవు. ఏ మాట దేని పక్కన ఇముడుతుందో నీ చెవికి తెలుసు. ఇంగ్లీషుకూ ఆ చెవి కావాలి.

‘ప్రెటీ గుడ్’ అంటే ‘బాగానే ఉంది’ అని. ఈ ‘ప్రెటీ’కి అందంతో పనిలేదు, 16వ శతాబ్దం నుంచీ ఇలా వాడుతున్నారు. అయితే ‘ప్రెటీ బెటర్’ కుదరదు. పోలిక వస్తే ‘మచ్ బెటర్’, చనువుగా అయితే ‘వే బెటర్’. ‘వెరీ’ కూడా ఒకప్పుడు ‘నిజమైన’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిందే. అది అరిగిపోయాక, మనం ‘నిజంగా బాగుంది’ అన్నట్టు వాళ్లు ‘రియల్లీ’ని తెచ్చుకున్నారు.

అన్నిటికంటే నన్ను ఆపినది లండన్ మేనమామ మాట. మేనకోడలి కవిత చదివి ఆయన ‘క్వైట్ గుడ్’ అంటాడు, ఆ పిల్ల పొంగిపోతుంది. అమెరికన్ నోట అది గట్టి మెప్పే. బ్రిటిష్ నోట చాలాసార్లు ‘పరవాలేదు’ అని మాత్రమే. ఏళ్ల తరబడి అక్కడున్న మనిషి ఏ అర్థంతో అన్నాడు? ఆ పిల్ల ఏ అర్థంతో విన్నది? నీ కథకు ప్రాణం ఇక్కడే ఉంది, నువ్వు గమనించకుండా దాటిపోయావు! ఆ ఒక్క మాట మీద ఇంకో పేజీ రాయి.

బెజవాడ పిల్ల మెచ్చుకోలుగా అన్న ‘టూ గుడ్’ను మాత్రం దిద్దకు. ‘టూ’ అంటే ‘మరీ’ అని వ్యాకరణం చెబుతుంది, కానీ మన ఊళ్లో పిల్లలు అలాగే అంటారు. మేనమామ నోట ఆ మాట పెట్టకు, అంతే.

జనవరిలో పుస్తక మహోత్సవానికి వస్తావు కదా, కొత్త ప్రతి తీసుకురా. మేనమామ సంభాషణలు ముందుగా పైకి చదివి వినిపించు.