క్రూజ్ ఆగిన ఊళ్లో చిన్న చైనీస్ హోటల్లో తినొచ్చా? మా కురసావ్ అనుభవం

షిప్‌లో మూడు పూటలా ఫ్రీగా పెడుతుంటే దిగిన ఊళ్లో డబ్బులిచ్చి చిన్న చైనీస్ హోటల్లో తినడం అవసరమా, తెలియక బీఫ్ తినేస్తామేమో అని అడిగారు. నేనైతే తినమనే చెప్తాను. కాకపోతే గడియారం చూసుకుని.

2023 డిసెంబర్‌లో మయామి నుంచి బయల్దేరిన క్రూజ్‌లో మేం నలుగురం: మా ఆయన, బాబు, అమ్మ, నేను. షిప్ కురసావ్‌లో ఆగింది. వెనిజులాకి కాస్త పైన, డచ్ రాజ్యంలో భాగమైన చిన్న ద్వీపం. అప్పటికే అమ్మకి బ్రెడ్డూ పాస్తా మొహం మొత్తేశాయి. షిప్‌లో పప్పు అని పెట్టినదాంట్లో క్రీమ్ పోశారు మరి. "వేడన్నం ఎక్కడైనా దొరుకుతుందేమో చూడవే" అంది.

షిప్ ఆగేది అక్కడి రాజధాని విలెమ్‌స్టాడ్‌లో, ఓట్రోబండా అనే పేట వైపు. అక్కణ్ణుంచి నడిచి క్వీన్ ఎమ్మా వంతెన దాటితే అవతలి పేట పుండా. ఒడ్డున రంగురంగుల బిల్డింగుల ముందు ఇంగ్లిష్ మెనూ బోర్డులు పెట్టిన హోటళ్లు వదిలేసి సందుల్లోకి వెళ్లాం. టాక్సీ డ్రైవర్లు పార్సిల్ కోసం నిలబడ్డ చోట మేమూ నిలబడ్డాం. ఐదు టేబుళ్లు, కౌంటర్‌కి ఇనప ఊచలు. ఇలాంటి కొట్లని అక్కడ స్నెక్ అంటారు.

మెనూ చూసి ఇది చైనీసేనా అని డౌటొచ్చింది. నాసి, బామి అని ఉన్నాయి. నాసి అంటే ఇండోనేషియా భాషలో అన్నం. ఇండోనేషియా ఒకప్పుడు డచ్చివాళ్లది కాబట్టి నెదర్లాండ్స్‌లోని చైనీస్ హోటళ్లు ఆ వంటలూ చేస్తాయి, అదే మెనూ ఇక్కడికీ వచ్చింది. మనకి ఫ్రైడ్ రైస్, నూడుల్స్ అనుకోండి. పక్కన సంబల్ అనే ఎర్ర కారం పెడతారు. అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది.

బీఫ్ సంగతి: అక్కడి భాష పాపియామెంటు. "మి నో తా కొమే కార్ని" అంటే నేను మాంసం తినను అని. కోడి కావాలంటే "గలీన్య". కానీ ఒకే మూకుడులో అన్నీ వేయిస్తారు, అది పట్టింపు ఉంటే మాత్రం వద్దు. మేం కోడి చెప్పి, మూకుడు కడిగి చేయమని సైగ చేశాం. వంట చేసే ఆయన నవ్వి, మా ముందే నీళ్లు పోసి గీకి తుడిచాడు.

ఆయన చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయిందట, నాకొచ్చిన అరకొర స్పానిష్‌లో తెలిసింది అంతే. ఆ ద్వీపానికి చైనావాళ్లు అంతకు చాలా ముందే వచ్చారని ఇంటికొచ్చాక చదివాను. ఆయిల్ ట్యాంకర్లలో పనిచేసే చైనా నావికులు 1942 ఏప్రిల్‌లో జర్మన్ సబ్‌మెరీన్ల భయానికి రక్షణ, జీతం అడుగుతూ సమ్మె చేస్తే పోలీసు కాల్పుల్లో 15 మంది చనిపోయారు. ఈ సంగతి టూరిస్టు బోర్డుల్లో నాకెక్కడా కనపడలేదు.

వంట ఆలస్యమైంది, ఒకడే మనిషి కదా. కౌంటర్ పక్కన వాళ్లావిడ పొడుగాటి బొబ్బర్లకాయలు తుంపుతోంది. అమ్మ అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చుని, వేపుడుకి తుంపినట్టు చిన్న చిన్న ముక్కలు చేయడం మొదలెట్టింది. ఆవిడ ఒక ముక్క తీసి తన వేలి పక్కన పెట్టి చూపించింది: ఇంత పొడుగుండాలి అని. అమ్మ, "ఇంతేసి ముక్కలు ఉడుకుతాయా?" అని తెలుగులోనే అడిగింది. ఆవిడ చైనీస్‌లో ఏదో చెప్పింది. తర్వాత కాయలన్నీ వేలంత పొడుగే వచ్చాయి.

రెండు ప్లేట్లు నలుగురం తినగా ఇంకా మిగిలింది. అందుకే ముందే అన్నీ ఆర్డర్ చెయ్యకండి. డాలర్లు తీసుకుంటారు, చిల్లర మాత్రం గిల్డర్లలో ఇస్తారు, కాబట్టి చిన్న నోట్లు పట్టుకెళ్లండి.

తిరిగొచ్చేసరికి వంతెన లేదు! పడవల మీద తేలే వంతెన అది, ఓడ వస్తే మొత్తం పక్కకి తిరుగుతుంది. వంతెన మీద నారింజ జెండా ఎగరేస్తే ఆగాల్సింది కాసేపే, నీలం అయితే చాలాసేపు. మాకు నీలం. నాకు టెన్షన్, బాబుకి సంబరం. అప్పుడు ఫ్రీగా నడిపే ఫెర్రీ ఎక్కి, దిగి, షిప్ దాకా పరిగెత్తాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఇంకా గంటకు పైగా టైముందన్నాడు. షిప్ నడిచేది మయామి టైమ్ ప్రకారం, మా ఫోన్లు ఊరి టైముకి మారిపోయి గంట ముందున్నాయి. ఇంకో ప్లేటు బామి తినొచ్చే అని మా ఆయన ఇప్పటికీ సాధిస్తాడు.