సందేహాలు – సమాధానాలు: గోప్యత అంటే దాపరికమేనా?

ప్రశ్న: 2013లో అమెరికాలో బయటపడిన నిఘా వ్యవహారం గురించిన ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఒక వాక్యాన్ని ఇలా రాశాను: ‘ప్రభుత్వ సామూహిక నిఘా వల్ల పౌరులు తమ గోప్యతను కోల్పోయారన్న వార్తకు, దాచుకోవడానికి ఏమీ లేనివారు భయపడనక్కరలేదని కొందరు స్పందించారు.’ దీన్ని చదివిన నా మిత్రురాలు ‘సామూహిక నిఘా’ తప్పు ప్రయోగమనీ, గోప్యత అంటే రహస్యం కాబట్టి ప్రైవసీకి ఆ మాట సరిపోదనీ అంటున్నారు. ఏది ఒప్పు? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ మిత్రురాలి మొదటి అభ్యంతరంలో పస ఉంది. రెండోది సగమే నిజం, ఆ మిగిలిన సగం గురించే ఎక్కువ చెప్పుకోవాలి.

‘సామూహిక’ అనే విశేషణం తెలుగు వాడుకలో సాధారణంగా పని చేసేవారి గుంపును సూచిస్తుంది. సామూహిక గానమంటే పదిమంది కలిసి పాడేది, సామూహిక ప్రార్థనంటే పదిమంది కలిసి చేసేది. ఆ లెక్కన సామూహిక నిఘా అనగానే, పదిమంది కూడబలుక్కొని ఎవరో ఒకరిని కనిపెట్టి చూడడమనే అర్థం ముందుగా తోస్తుంది. మీ వాక్యంలో చూసేది ఒక్క ప్రభుత్వం, ఆ చూపు పడేది జనమందరి మీద. ‘ప్రజా నిఘా’ అన్నా చిక్కు తీరదు సరికదా ఇంకా ముదురుతుంది. షష్ఠీ సమాసంలో ప్రజలు చేసే నిఘానో ప్రజలపై చేసే నిఘానో తేలదు. ‘మూకుమ్మడి’ కొంత నయం. మూకుమ్మడి రాజీనామాలలో చేసేవారు అనేకులు, మూకుమ్మడి అరెస్టులలో పట్టుబడేవారు అనేకులు. ఆ మాట రెండు వైపులా ఒదుగుతుంది గనుక శీర్షికలో చోటు చాలనప్పుడు ‘మూకుమ్మడి నిఘా’ను నేను ఆక్షేపించను. వాక్యంలో మాత్రం ‘ప్రజలందరిపై నిఘా’ అంటే చాలు. ‘పై’ అనే రెండక్షరాలైనా లేని విభక్తి ఇంత తేలికగా చేసిపెట్టే పనిని సమాసం నెత్తిన వేసి, తర్వాత దాని అర్థం కోసం తడుముకోవడం ఎందుకు?

ఇక నిఘా. ఫారసీలో ‘నిగాహ్’ అంటే చూపు. అది ఉర్దూ మీదుగా మనదాకా వచ్చేసరికి చివరి హకారం జారిపోయి, ముందున్న గకారానికి ఒత్తుగా చేరి ‘ఘ’ అయి కూర్చుంది. ఇదే మాట మరాఠీలో ‘నిగా’గా ఉంది. అక్కడ దానికి శ్రద్ధ, సంరక్షణ అని అర్థం. బిడ్డనో మొక్కనో జాగ్రత్తగా చూసుకోవడానికి దాన్ని వాడతారు. మనం అదే చూపుకు అనుమానాన్ని అంటగట్టాం. అయితే మన సొంత మాట ‘కనిపెట్టు’ మాత్రం ఈ రెండు అర్థాలనూ నేటికీ మోస్తూనే ఉంది. ‘ముసలితల్లిని కనిపెట్టుకొని ఉన్నాడు’ అంటే అది సేవ. ‘వాణ్ణి ఒక కంట కనిపెట్టు’ అంటే అది అనుమానం. చూపు అదే, చూసేవాడి మనసు వేరు. 2013 జూన్‌లో, అమెరికా జాతీయ భద్రతా సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ అందించిన ఆ సంస్థ రహస్య పత్రాలను గార్డియన్, వాషింగ్టన్ పోస్ట్ పత్రికలు అచ్చువేసినప్పుడు రేగిన వివాదమంతా ఈ రెండు అర్థాల నడుమనే నడిచింది. నిఘా పెట్టిన సంస్థ పేరులోనే ‘జాతీయ భద్రత’ ఉంది కనుక, ప్రభుత్వం మొదటి అర్థంలో మాట్లాడింది; ప్రజలలో చాలామంది రెండో అర్థంలో విన్నారు.

మీ వ్యాసంలో ‘గూఢచర్యం’ అన్న మాట కూడా రావచ్చు కనుక ఒక ముక్క. గూఢచర్యానికి గురి ముందే నిశ్చయమై ఉంటుంది. శత్రురాజు, పరదేశం, ఫలానా మనిషి. ‘చారైః పశ్యంతి రాజానః’, రాజులు వేగులవారి కళ్లతో చూస్తారు, అన్నప్పుడు ఆ కళ్లు దేనికోసం వెదుకుతున్నాయో రాజుకు తెలుసు. అందరినీ చూసి, ఆ తర్వాత అనుమానితుణ్ణి ఏరుకోవడం దీనికి తలకిందుల వ్యవహారం. దానికి నిఘా అన్న మాటే తగినది. (పత్రికలు కెమెరాను ‘నిఘా నేత్రం’ అంటున్నాయి. ఫారసీని సంస్కృతంతో సమాసం చేసినందుకు పాతకాలపు వ్యాకర్తలు బెత్తం పట్టుకుంటారేమో గాని, నా చెవికి బాగానే ఉంది.)

ఈ వ్యవహారంలో మాటల కోసం జరిగిన పెనుగులాట భాషాప్రియులకు పనికొచ్చే సంగతి. 2013 మార్చిలో సెనేట్ సంఘం ఎదుట సెనేటర్ రాన్ వైడెన్, లక్షలాది అమెరికన్ల గురించి జాతీయ భద్రతా సంస్థ ఏ రకమైన సమాచారాన్నైనా సేకరిస్తోందా అని అడిగినప్పుడు, నిఘా విభాగాల అధిపతి జేమ్స్ క్లాపర్ లేదన్నారు, తెలిసి సేకరించడం లేదన్నారు. మూడు నెలలకే పత్రాలు బయటపడ్డాయి. అప్పుడాయన ‘సేకరణ’ అనే మాటకు కొత్త భాష్యం చెప్పారు: గ్రంథాలయంలో అలమరలో పుస్తకాలుంటాయి, ఒక పుస్తకాన్ని తీసి, తెరిచి, చదివితేనే తన దృష్టిలో అది సేకరణ అన్నారు. తెలుగులో ఈ భాష్యం నిలవదు. మనకు సేకరించడం, పోగుచేయడం అంటే తెచ్చి అలమరలో పెట్టడమే. చదవడం తర్వాతి మాట, అసలు చదవకపోయినా సేకరణ సేకరణే. ఈ భాగాన్ని అనువదించేటప్పుడు ఆ మాటను మార్చి ఆయనకు సాయం చేయకండి. ‘సేకరణ’ అనే ఉంచితే, ఆ వివరణ ఎక్కడ కుంటుతోందో పాఠకుడికి తనంతట తానే తెలుస్తుంది.

‘మీ ఫోన్లను ఎవరూ వినడం లేదు’ అని అధ్యక్షుడు ఒబామా ఆ జూన్‌లోనే అన్న మాటా ఇటువంటిదే. అక్షరాలా చూస్తే, ఫోన్ రికార్డుల విషయంలో అందులో అబద్ధం లేదు. ఫోన్ కంపెనీ నుంచి రోజూ తీసుకున్నది ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారన్న పట్టీ మాత్రమే. దీన్ని మెటాడేటా అంటారు. అధిదత్తాంశం అని తర్జుమా చేసి పాఠకుణ్ణి హడలగొట్టవద్దని మనవి. ఒక మనిషి పేరన అటువంటి పట్టీలో మూడు వరుసలున్నాయనుకోండి: ఉదయం 9.10కి వ్యాధి నిర్ధారణ కేంద్రం నుంచి ఫోన్, 2 నిమిషాలు, 9.14కి తోడబుట్టిన ఆమెకు, 40 నిమిషాలు. 10 గంటలకు బీమా కార్యాలయానికి, 6 నిమిషాలు. ఒక్క మాటా వినలేదు, తెలియనిదీ ఏమీ లేదు. ఉత్తరం విప్పకుండా కవరు మీది రాతను మాత్రమే రాసుకున్నా, కొన్నాళ్లకు మనిషి ఆనుపానులన్నీ చేతికి వస్తాయి. ఆ ‘ఆనుపానులు’ అన్న మాట మనకు ఎప్పటినుంచో ఉంది. మెటాడేటాకు పారిభాషిక పదంగా దాన్ని నిలబెట్టమనను గాని, వివరించవలసిన చోట వాడి చూడండి.

గోప్యత దగ్గరికి వద్దాం. మీ మిత్రురాలు అన్నట్టు, నేటి వాడుకలో గోప్యమంటే దాచదగినది. ఓటు గోప్యత, పరీక్ష ప్రశ్నల గోప్యత అంటున్నాం. అయితే దీని మూలమైన ‘గుప్’ ధాతువుకు, సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం చెప్పిన అర్థం ‘గుపూ రక్షణే’, అంటే కాపాడడం. గోప్త అంటే రక్షకుడు. చంద్రగుప్తుడంటే చంద్రుడు ఎక్కడో దాచిపెట్టినవాడు కాదు, చంద్రుడు కాపాడినవాడు. విలువైనదాన్ని కాపాడేందుకు దాచడం పరిపాటి కనుక, రక్షణ నుంచి దాపు అన్న అర్థం పుట్టి, గుప్తనిధుల దగ్గరికి వచ్చేసరికి కొడుకు తండ్రిని మించిపోయాడు. రఘువంశం మొదటి సర్గలో దిలీపుణ్ణి వర్ణిస్తూ కాళిదాసు ‘జుగోపాత్మానమత్రస్తః’ అన్నాడు. భయమేమీ లేకుండానే తన్ను తాను కాపాడుకున్నాడని అర్థం. ‘దాచడానికి ఏమీ లేకపోతే భయమెందుకు’ అనేవారికి ఈ మూడు మాటల్లో జవాబుంది: భయపడేవాడే తన్ను తాను కాపాడుకోవాలన్న నియమం లేదు.

ఆ ప్రశ్న మన చెవికి సబబుగా వినిపించడానికి కారణం, గోప్యతను మనం దాపరికంతో కలిపేసుకోవడమే. దాపరికంలో నింద ఉంది. ‘దాపరికం లేని మనిషి’ అంటే పొగడ్త. కాని అచ్చ తెలుగులో ఇదే కుటుంబానికి చెందిన వేరే మాటల్లో నింద లేదు. ‘గుట్టుగా బతుకుతున్నారు’ అంటే మెచ్చుకోలు, ‘గుట్టు రట్టు చేశాడు’ అంటే తప్పు రట్టు చేసినవాడిది. ‘మరుగు’ ఇంకా సూటి మాట. మరుగుదొడ్డి తలుపు వేసుకునేవాడు నేరం చేయడానికి వేసుకోవడం లేదు, లోపల ఏం జరుగుతుందో లోకానికి తెలియనిదీ కాదు. రహస్యం లేకపోయినా మరుగు కావాలి. ఈ తేడా గుర్తుంటే గోప్యత అన్న మాటను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. 2013 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం, బ్రెజిల్, జర్మనీల చొరవతో, డిజిటల్ యుగంలో ప్రైవసీ హక్కుపై చేసిన తీర్మానం వంటివాటికి ‘గోప్యతా హక్కు’ అనే రాయండి.

మరొక చోట మాత్రం జాగ్రత్త అవసరం. 1890లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు హార్వర్డ్ న్యాయ పత్రికలో రాసిన వ్యాసం వల్ల ప్రసిద్ధికెక్కిన ప్రైవసీ నిర్వచనం ఒకటి, ‘ది రైట్ టు బి లెట్ అలోన్’, మీ వ్యాసంలో తగిలే అవకాశముంది. దాన్ని ‘ఒంటరిగా వదిలివేయబడే హక్కు’ అని తెనిగిస్తే, ఎవరో దిక్కులేనివాడు ఆశ్రయం కోసం పెట్టుకున్న అర్జీలా ఉంటుంది. ‘నా మానాన నన్ను ఉండనివ్వండి’ అని మనం రోజూ అనుకునే మాటే దానికి సరైన తెలుగు. ‘ఎవరి మానాన వారు బతికే హక్కు’ అనండి. ఏకాంతం ఇక్కడ పనికిరాదు. నలుగురి మధ్య ఉన్నా ఆ హక్కు ఉంటుంది.

చివరగా ‘కోల్పోయారు’. మీరూ మీ మిత్రురాలూ దీన్ని పట్టించుకోలేదు గాని, నాకు అన్నిటికంటే ఇదే గుచ్చుకుంది. కోల్పోయినవాడు కర్త అయిన వాక్యంలో తీసుకున్నవాడు కనబడడు. జూదంలో సొమ్ము కోల్పోవచ్చు, ప్రమాదంలో కాలు కోల్పోవచ్చు. ఇక్కడ తీసుకున్నవారెవరో తెలిసినప్పుడు ‘హరించింది’ అని కర్తను నిలబెట్టడమే మర్యాద. మీ వాక్యంలో ‘వల్ల’ చాటున నిలిచిన ప్రభుత్వం ఇప్పుడు ముందుకు వస్తుంది: ‘ప్రభుత్వం ప్రజలందరిపై నిఘా పెట్టి వారి గోప్యతను హరించిందన్న వార్త విని, దాచుకోవడానికి ఏమీ లేనివారికి భయమెందుకని కొందరన్నారు.’ మీరు రాసిన ‘దాచుకోవడానికి’ని నేను కదపలేదు. గోప్యతను దాపరికంగా అర్థం చేసుకున్నది ఆ మాట అన్నవారు. ఆ పొరపాటు వారిదిగానే తెలుగులోకీ రావాలి.